శ్రావణి కంప్యూటరుకు నీళ్లా, గాలా?

కల్లూరు,
మే 9, 2009.

చిరంజీవి తమ్ముడు నాగరాజుకు అక్క ఆశీస్సులు. శ్రావణి కంప్యూటరు విషయం ఈ రోజు తేలిపోవాలి, అందుకే వెంటనే రాసి బస్సులో పంపుతున్నాను. మీరందరూ క్షేమమే కదా? నీ మోకాలికి మందు మానకు. మేము బాగానే ఉన్నాం, బెంగపడవద్దు.

రాయచోటి నుంచి మనవరాలు శ్రావణికి తోడుగా వచ్చి రెండు నెలలైనా ఈ ఎండ నాకు అలవాటు కాలేదు. ముందు గదిలోనే అంగడి పెట్టి అది పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటే, నేను వంటింటికీ వాకిలికీ తిరుగుతుంటాను. ఇక్కడి జొన్నరొట్టె బాగుంటుంది, పలకరించే మనిషే లేదు.

మధ్యాహ్నమయ్యేసరికి కంప్యూటరు వేడెక్కి ఆగిపోతోంది. చేసిన పని పోతోంది. శుక్రవారానికి పెళ్లివారికి సీడీలు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే అంగడి మూసి బెంగళూరులో ఉద్యోగానికి పోతానంటోంది.

మన ఇంటి అలవాటు కొద్దీ కిటికీకి తడి గోనెపట్టా కట్టింది. నిన్న మెకానిక్ బాషా పెట్టె విప్పితే, లోపలి ఫ్యాను చుట్టూ బురద గట్టిపడి ఉంది. రోడ్డు దుమ్ముకు గోనె చెమ్మ తోడైంది. అంతా గీకి శుభ్రం చేశాడు. అయినా మళ్లీ ఆగింది. ఈ పొద్దున ఏవో గొట్టాలు, చిన్న పంపు తెచ్చాడు.

“చవకలో వాటర్ కూలింగ్ వచ్చిండాది అవ్వా. ఫ్యాను కన్నా శానా మేలు.”

“వేడెక్కిన నీళ్లు ఎట్ల చల్లారుతాయప్పా?”

“ఈ జల్లెడ మాదిరి దాన్లో తిరుగుతాయి. దానికి ఫ్యాను గాలి కొడతాది.”

“ఆ గాలి యాడిది?”

“ఈ గదిదే అవ్వా.”

“ఈ గదిలో నేనే ఉడుకుతాండా. ఇంక నీళ్లేం చల్లారుతాయి? పైపు కారి పెట్టె తడిస్తే పూచీ ఎవరిది?”

బాషా తల గోక్కున్నాడు. “అవ్వను నా అంగట్లో కూర్చోబెడితే బేరాలు అయినట్లే!”

శ్రావణి నవ్వలేదు, నా వైపు తిరిగింది. “నీకు అన్నీ ఎగతాళే. నేను బెంగళూరు పోతే నీకు నెమ్మదిగా ఉంటాది.”

ఆ మాట తగిలింది. అప్పటి నుంచి ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను. ముందు గది పడమటి ఎండకు కాలిపోతోంది. వెనక గదికి ఎండ తగలదు. ఆ గది నాది.

పిన్నికి నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు చెప్పు.

నీ అక్క,
సుభద్ర.

ఇక జరగవలసినవి:

1. బాషా నీళ్లు అక్కర్లేని, రాగి గొట్టాలతోనే వేడిని లాగే పెద్ద ఫ్యాను కంప్యూటరుకు బిగించాలి. నీళ్ల సామాను తిరిగి తీసుకుపోవాలి.

2. వెనక గది వేడి బయటికి పోవడానికి, నీ దగ్గర వైండింగుకు ఇచ్చిన నా ఎగ్జాస్టు ఫ్యానును నువ్వు సోమవారం బస్సుకు వేయాలి.

3. గోనెపట్టా ఇక వాకిలికే, కంప్యూటరు ఉన్న గదికి వద్దు.

4. కంప్యూటరు నా గదికి, నా మంచం ముందు గదికి మారాలి. శ్రావణి బయటికి పోయినప్పుడే మార్పిస్తాను, ఉంటే ఒప్పుకోదు.

5. శుక్రవారం దాకా బెంగళూరు మాట ఎవరూ ఎత్తకూడదు. నేను కూడా.