కండెలు ఎవరు చుట్టారు?

ఏవండీ, మీ భార్య మంగమ్మను. వయసు డెబ్బై నాలుగు, ఉండేది గుణదలలో మనవరాలు శిరీష ఇంట్లో. నాకు రాయడం రాదు కాబట్టి నేను చెబుతుంటే అది రాస్తోంది.

మీరు పోయి నిన్నటికి ఏడాది. మీలాంటి నేతగాడి కథట అని శిరీష ఇవాళ నన్నొక హత్య సినిమాకి తీసుకెళ్లింది. అందులో నేతగాడి భార్యను ఎవరో చంపేస్తారు. హంతకుణ్ణి మొగుడే పట్టుకోవాలి.

"ఈ హీరో ఈ వేషానికి పనికిరాడు అమ్మమ్మా. పెళ్లాం పోతే కంట్లో చుక్క నీళ్లు లేవు," అంది ఇంటర్వెల్లో.

"మీ తాతయ్య పోయినప్పుడు నాకూ రాలేదుగా. అది తప్పు కాదే," అన్నాను.

అసలు తప్పు తర్వాత వచ్చింది. భార్య పోయిన నెలకి వాడు మగ్గమెక్కి గబగబా నేసేస్తున్నాడు. పక్కన బుట్ట నిండా నూలు చుట్టిన కండెలు. ఇంట్లో కండెలు చుట్టిపెట్టడానికి ఇంకో మనిషి లేదు. మరి అవి ఎవరు చుట్టారు? పైకే అడిగేశాను. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. చివరికి హంతకుడు దొరికాడు గానీ, నా ప్రశ్నకు జవాబు దొరకలేదు.

యాభై ఏళ్లు మీకు కండెలు చుట్టిన చేతులండీ ఇవి. మీరు పోయిన రోజు పొద్దున చుట్టిన కండెల బుట్ట నా మంచం కిందే ఉంది. అందులో ఒక్క కండె కూడా ఎవరికీ ఇవ్వలేదు.

మంగమ్మ వేలిముద్ర.
సాక్షులు: రాసిన శిరీష, మాతో సినిమా చూసిన పక్కింటి కరీమాగారు.