నాట్లేగా

తెనాలి ఎముకల డాక్టరు భరద్వాజ గారికి,

చెరుకుపల్లి నుంచి నిన్న మా వీధి పున్నమ్మక్కను మీ దగ్గరకు తీసుకొచ్చింది నేనే. ఆమెకు నడుం నొప్పి. ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు.

“బరువులు మోస్తావా?” అని అడిగారు.

“లేదండి, నాట్లకెళ్తానండి.”

“నాట్లేగా” అంటూ చీటీ మీద ‘తేలిక పని, స్కాన్ అక్కర్లేదు’ అని రాశారు.

మీ గోడమీద వెన్నెముక పటం ఉంది. పూసలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే లిగమెంట్లు అందులో కనిపిస్తాయి. నడుం పూర్తిగా వంచితే తల, భుజాలు, ఛాతీ బరువు చాలావరకు వాటి మీదే వేలాడుతుంది. పున్నమ్మక్క ముప్పై ఏళ్లుగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలాగే వంగి నాటుతోంది. మీరొక్క పూట మా చేలో వంగి చూసి, అప్పుడు తేలిక పని అనండి.

బస్సులో నేను మిమ్మల్ని తిడుతుంటే ఆమె నన్నే కసిరింది. “ఊరుకో తమ్ముడూ, చదువుకున్నోళ్లు, ఆయనకు తెలీదేంటి?” ఆ నమ్మకం చూసి నాకు ఇంకా మండింది.

సోమవారం ఇద్దరం వస్తాం. స్కాన్ రాయండి. రాయనంటే, ఆ కాలికి స్పర్శ ఎందుకు పోయిందో మీ సంతకంతో రాసివ్వండి. ఆమెకు చదివి వినిపించాల్సింది నేనే.

ఇట్లు,
ఆమె వెంట వచ్చిన మనిషి