నీలం కోటు మీద తెల్ల రంగు

టారింగల్,
సెప్టెంబరు 23, 1953, బుధవారం.

అమ్మకు,

ముందే చెప్తున్నాను, నా రాత చూసి నవ్వకు. నాలుగో తరగతిలో బడి మాని పాలబకెట్లు పట్టినదాన్ని, తప్పులు లేకుండా రాయమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక చేత్తో పాపను పట్టుకుని రాస్తున్నాను, అందుకే వరసలు కిందికి జారిపోతున్నాయి. అర్థం కాని చోట నీకు తోచినట్టు చదువుకో.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అంటే జ్వరాలూ జబ్బులూ లేవు. అక్కడ నువ్వూ నాన్నా ఆర్థరూ కూడా అలాగే ఉన్నారనుకుంటున్నాను. తమ్ముణ్ణి ఆవు తన్నిందని రాశావు, వాపు తగ్గిందా? ఆ ఎర్రావు దగ్గరికి ఎడమవైపు నుంచి పోవద్దని వాడికి వెయ్యిసార్లు చెప్పాను.

నువ్వడిగినవాటికి జవాబులు. పాపకు కింద రెండు పళ్ళు వచ్చాయి. మా అత్తగారు నా రొట్టెకు ఇంకా వంక పెడుతూనే ఉంది, కానీ పోయిన వారం రెండో ముక్క అడిగి తింది. క్లెమ్ నన్ను ఏమీ అనడు. ఈ మధ్య అసలు ఏమీ మాట్లాడడు. వానలు పడి గోధుమ చేలు పచ్చగా ఉన్నాయి. ఊరు మాత్రం పీనుగు లేచిన ఇల్లులా ఉంది.

ఇంకొకటి కూడా అడిగావు. నువ్వు కుట్టి పంపిన నీలం కోటు వెచ్చగా ఉందా, పాప బాప్టిజం ఫొటోలో అంత చలిలో ఎందుకు వేసుకోలేదు అని. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు మిగతాది చెప్పకపోతే అది నీకు అర్థం కాదు.

మీ వైపు ఈ ఫుట్‌బాల్ ఆడరు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. మైదానం రెండు కొసల్లోనూ పొడుగాటి స్తంభాలు రెండేసి ఉంటాయి. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కానీ కాలితో తన్నితే అది స్తంభాల మధ్య నుంచి దేన్నీ తాకకుండా పోతేనే గోల్, ఆరు పాయింట్లు. స్తంభానికి కాస్త రాసుకున్నా ఒక్కటే పాయింటు. అది తేల్చేవాడు గోల్ అంపైర్. తెల్లకోటు వేసుకుని స్తంభాల దగ్గర నిలబడతాడు. ఆరుకు రెండు జెండాలు ఊపుతాడు, ఒకటికి ఒక జెండా. ఈల వేసి ఆటంతా నడిపే అంపైర్ వేరే, అతన్ని లీగు పంపిస్తుంది. గోల్ అంపైర్‌ను మాత్రం ఏ ఊరివాళ్ళు ఆ ఊరి నుంచే తెచ్చుకుంటారు. తనవాళ్ళ ఎదుట నిలబడి, తనవాళ్ళకు చేదైనా నిజమే చెప్పాలి. ఈ పని ఎవరూ కోరి చెయ్యరు.

మా ఊరికి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పెంగెల్లీ గారు. గుర్రపు జీన్లు కుట్టే ముసలాయన. పాప బండికి తోలు పట్టీ కుట్టి ఇచ్చింది ఆయనే, నీకు రాశాను కూడా. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయన తెల్లకోటు నేనే ఉతికి గంజి పెడుతున్నాను. సోమవారం తెస్తాడు, శుక్రవారం పట్టుకెళ్తాడు. శనివారం ఆటకు మిగతా ఆడవాళ్ళంతా కార్లలో కూర్చుని ఊసులాడుకుంటారు. నాకు ఆ మాటల్లో దూరడం చేతకాదు. పాప బండి తోసుకుని పెంగెల్లీ గారి వెనక, కంచె అవతల నిలబడతాను. ఆయన మాట్లాడడు, నేనూ మాట్లాడను. ఈ ఊళ్ళో నాకు హాయిగా ఉండే చోటు అదొక్కటే ఉండేది.

ఆగస్టు ఆఖరి శనివారం పక్క ఊరు బెర్రిక్ వాళ్ళతో ఆట. అది నెగ్గితే మా వాళ్ళు ఫైనల్స్‌కు పోతారు, లేకపోతే ఈ ఏటికి ఇంతే. లీగు అధ్యక్షుడు వస్తాడని ముందురోజు సాయంత్రం క్లెమ్, కసాయి కొట్టు హెర్బ్ కలిసి స్తంభాలకు తెల్లరంగు వేశారు. చలికాలం పూట, మంచులో, సాయంత్రం వేస్తే ఆరుతుందా? శనివారానికి కూడా వేలు పెడితే అంటుకుంటూనే ఉంది.

ఆట ఇంకో నిమిషంలో అయిపోతుంది, మా వాళ్ళు నాలుగు పాయింట్లు వెనక ఉన్నారు. బంతి మా ఆయన చేతికి వచ్చింది. తనున్నది ఓ పక్కన, ఏటవాలుగా. స్తంభాలకు సరిగ్గా ఎదురుగా కోచ్ డార్సీ ఒంటరిగా నిలబడి, "నాకివ్వు! క్లెమ్, నాకివ్వు!" అని గొంతు చించుకుంటున్నాడు. డార్సీని మెల్‌బోర్న్ నుంచి తెచ్చుకున్నారు, ఆటా నేర్పుతాడు, తనూ ఆడతాడు. క్లెమ్ వినలేదు. తనే తన్నాడు.

బంతి లోపలికి వచ్చింది. మైదానం చుట్టూ ఉన్న కార్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి, గోల్ పడితే ఇక్కడ అలా మోగిస్తారు. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. బంతి దొర్లుకుంటూ కంచె కింద నుంచి వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. నేను వంగి తీసి ఇచ్చాను. తలెత్తి చూసేసరికి పెంగెల్లీ గారు ఒక్క వేలు చూపించి, ఒక్క జెండా ఊపుతున్నాడు. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి ఒకే ఒక్క కారు మోగింది, అదీ ఆగింది. మూడు పాయింట్లతో ఓడిపోయాం.

ఆ సాయంత్రం క్లబ్బు గదిలో టీలు పోసే వంతు నాది. ఆ గోల ఏం చెప్పను!

"పెంగెల్లీ, కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అని ఒకడు.

"కళ్ళద్దాలు కాదురా, బెర్రిక్ వాళ్ళు ఏం తినిపించారో అడుగు."

"ముందు ఆ ఈల పెద్దమనిషి సంగతి చూడండి. మనవాడి వీపెక్కి తొక్కినా కనబడదు, వాళ్ళవాడి చొక్కా నలిగితే మాత్రం ఈల!"

"అంపైర్లు సరే, నాకివ్వమని నేను అరిచింది క్లెమ్‌కు వినబడలేదా?" అన్నాడు డార్సీ. "ఎదురుగా ఉన్నాను. కళ్ళు మూసుకుని తన్నినా పడేది."

మా అత్తగారు చేతిలోని కేకు పళ్ళెం ఠప్పున బల్ల మీద పెట్టింది. "నీకిస్తే ఏం చేసేవాడివయ్యా? మూడు వారాలుగా కుంటుతున్నావు. దిష్టిబొమ్మలా నిలబడ్డానికి నిన్ను అంత దూరం నుంచి తెచ్చుకోవాలా? మావాడు గోల్ కొట్టాడు. చూడాల్సినవాడికి చూపు లేకపోతే అది మావాడి తప్పా?"

పెంగెల్లీ గారు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "తగిలిందమ్మా. రెండు నిలువుల ఎత్తులో తగిలింది. చప్పుడు విన్నాను," అన్నాడు.

"చప్పుడట! అన్ని హారన్ల మధ్య చప్పుడు విన్నాడట!"

అప్పుడు హెర్బ్ బంతి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నిన్న రంగు వేసింది నేనూ క్లెమ్మూ. ఇంకా తడిగానే ఉంది, కావాలంటే నా ప్యాంటు చూడండి. తగిలితే బంతికి తెల్లగా అంటుకోవాలా వద్దా? ఇదిగో, చూసుకోండి. ఎక్కడైనా ఉందా?"

అందరూ తిప్పి తిప్పి చూశారు. ఎక్కడా లేదు. పెంగెల్లీ గారు కూడా చేతిలోకి తీసుకుని చూశాడు. తోలు పని చేసే చేతులు కదా, బొటనవేలితో అంతా తడిమి చూశాడు. ఆయన మొహంలో రంగు పోయింది. "స్తంభం మీద ఉంటుంది. వెలుగులో నిచ్చెన వేసి చూడండి," అన్నాడు. మర్నాడు ఆదివారం కాబట్టి సోమవారం చూద్దామన్నారు. క్లెమ్ మూల బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు.

సోమవారం నిచ్చెన వేసి చూశారు. స్తంభం పైనుంచి కింది దాకా పాలమీగడలా ఉంది, ఒక్క గీత లేదు. గురువారం కమిటీ కూర్చుని ఆయన దగ్గర జెండాలు తీసేసుకుంది. ఆ తర్వాత ఎవరూ ఆయన కొట్టు గడప ఎక్కలేదు. తెగిన కళ్ళేలు బండ్లలో వేసుకుని బెర్రిక్ పోతున్నారు, చూడు, ఏ ఊరి చేతిలో ఓడిపోయారో ఆ ఊరికే! పిల్లలు ఆయన్ని చూసి ఒక్క వేలు చూపిస్తున్నారు.

అమ్మా, ఇప్పుడు కోటు సంగతి.

బంతి నా కాళ్ళ దగ్గర ఆగిందని రాశాను కదా. చేతిలోకి తీసుకున్నప్పుడు దాని మీద తెల్లని చార ఉంది. నా అరచేతికి అంటింది. హారన్లు మోగుతున్నాయి, క్లెమ్ మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. పెళ్ళయ్యాక ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. పెంగెల్లీ గారికి నా వైపు వీపు ఉంది. బెర్రిక్ ఆటగాడు బంతి కోసం కంచె వైపు నడుచుకుంటూ వస్తున్నాడు. నేను కోటు అంచు లాగి బంతిని తుడిచేశాను. తర్వాత అతనికి అందించాను.

ఏమీ ఆలోచించకుండా తుడిచానని, వంటింట్లో ఏ మరకైనా తుడిచినట్టే తుడిచానని, కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. తెలిసే తుడిచాను. తగిలిందంటే ఊరంతా క్లెమ్ మీద పడుతుంది, కోచ్ మాట వినకుండా తన్ని చెడగొట్టాడంటుంది. తగల్లేదంటే క్లెమ్‌కే అన్యాయం జరిగినట్టు. ఆ రెండు క్షణాల్లో నాకు అదంతా తట్టింది. నాకు బుర్ర లేదని మా అత్తగారు అంటుంది కానీ, అప్పుడు ఎక్కడ లేని బుర్రా వచ్చింది. హెర్బ్ బంతిని బల్ల మీద పెట్టినప్పుడు నేను టీ కెటిల్ పట్టుకుని మూడు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవాల్సింది. తెరవలేదు.

ఇంకో సంగతి. రంగు వేసిన కుంచెను శుక్రవారమే క్లెమ్ కడిగి షెడ్డులో మేకుకు తగిలించాడు, నేను చూశాను. ఆదివారం పొద్దున నేను పాలకు లేచేసరికి ఆయన పక్క మీద లేడు. పెరటి గుమ్మం దగ్గర టర్పెంటైన్ సీసాలో ఆ కుంచె నానుతోంది. నిచ్చెన మంచుకు తడిసి గోడకు ఆని ఉంది. ఆయన వచ్చి నన్ను చూశాడు, సీసాను చూశాడు. "చలిగా ఉంది, లోపలికి పో," అన్నాడు. అంతే. నేను ఏం తుడిచానో ఆయనకు తెలియదు. ఆయన ఏం పూశాడో నాకు తెలుసు. ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటున్నాం.

పెంగెల్లీ గారు పోయిన శుక్రవారం వచ్చాడు. తెల్లకోటు మడిచి పట్టుకొచ్చాడు. "అమ్మాయీ, ఇదొక్కసారి ఉతికిపెట్టు. కమిటీకి అప్పగించాలి, మురికిగా ఇస్తే బాగోదు," అన్నాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. కాసేపు పాపను చూసి, "నువ్వు నా వెనకే ఉన్నావు కదమ్మా. నీకేమైనా కనబడిందా?" అని అడిగాడు.

అమ్మా, ఆయన గట్టిగా అడగలేదు. దాహానికి నీళ్ళు అడిగినట్టు అడిగాడు.

"పాప ఏడుస్తోందండీ. టోపీ సరిచేస్తున్నాను," అన్నాను.

ఆయన తలూపాడు. అప్పుడు ఆయన చూపు నా భుజం మీదుగా తలుపు వెనక మేకు మీదికి పోయింది. నీలం కోటు అక్కడే వేలాడుతోంది. అంచున జానెడు మేర తెల్లగా గట్టిపడి ఉంది. చాలాసేపు చూశాడు. ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు కమిటీని పిలుస్తాడు అనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఆ రోజు గాలి ఎక్కువే. కోటు ఎగిరి స్తంభానికి తగిలి ఉంటుంది," అన్నాడు. గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి, "తడిగా ఉన్నప్పుడే టర్పెంటైన్‌తో తుడవాల్సిందమ్మా. ఆరిపోయాక ఇక పోదు," అన్నాడు.

నిన్న రైల్లో వెళ్ళిపోయాడు, బల్లారట్‌లో చెల్లెలి ఇంటికి. స్టేషన్‌కు ఎవరూ పోలేదు. నేను పాప బండి తోసుకుని గూడ్స్ షెడ్డు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి చూసి వచ్చేశాను. ఇకమీదట గోల్ అంపైర్ హెర్బ్. తెల్లకోటు ఉతికి ఇవ్వడం నాకు అలవాటే కదా అని కమిటీ ఆ పని నాకే ఉంచింది.

ఎవరికీ చెప్పుకోలేక నీకు రాశాను. నన్ను తిట్టు, కానీ ఉత్తరంలో తిట్టకు, ఇక్కడ మా అత్తగారు విప్పి చదువుతుంది. కోటు వెచ్చగా ఉందని, బిగుతైందని, ఏదో ఒకటి రాసి ఊరుకో. నాన్నకు చూపించకుండా ఇది చదవగానే పొయ్యిలో వేసెయ్యి. కోటును కూడా నిన్న పొయ్యి దాకా తీసుకెళ్ళాను. లోపలి గుడ్డ మీద నువ్వు ఎర్రదారంతో కుట్టిన నా పేరు కనబడింది, చెయ్యి రాలేదు. కాగితం మీద నువ్వు కుట్టిందేమీ లేదు. దీన్ని కాల్చెయ్యమ్మా.

ఇట్లు,
నీ కూతురు
డల్సీ