చంకడోలు పలికిన మాట

ఇబాదాన్,
12 మార్చి 1985, మంగళవారం.

తమ్ముడు అయాంగ్బెమికి,

దురోజాయె అన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నీ భార్య ఫదేకేకి జ్వరం తగ్గిందని విని మనసు కుదుటపడింది.

బారసాలల్లో, పెళ్ళిళ్ళలో నేను పాడితే, మన భాష ఎత్తుపల్లాలు పట్టి మాటల్నే పలికే నీ చంకడోలు మాటకు మాట జవాబు చెప్పిన రోజుల నుంచి, నా సొంత స్టూడియోలో ఇరవై రెండో రికార్డు దాకా కలిసి నడిచాం. ఆ రికార్డు ఇప్పుడు ప్రతి బస్సులోనూ మోగుతోంది. అందులో గవర్నరుగారిని నేను పొగుడుతుంటే, నడుమ నీ డోలు ఒంటరిగా పలుకుతుంది చూడు, అక్కడ ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. మన భాష రాని గవర్నరుగారు తల ఊపుతున్నారట.

పోయిన గురువారం ఒక మిలిటరీ కెప్టెన్ స్టూడియోకి వచ్చాడు. చాలా మర్యాదస్థుడు. మా ఆవిడ పెట్టిన అలసంద కుడుములు మెచ్చుకుంటూ తిన్నాడు. రికార్డులో నీ డోలు ఒంటరిగా పలికే చోటు ఏడుసార్లు పెట్టించుకుని విని, "పెద్దాయనా, మీ డోలు ఏమంటోంది?" అని అడిగాడు. "గవర్నరుగారిని నూరేళ్ళు చల్లగా ఉండమంటోందండి" అన్నాను. నవ్వాడు.

మర్నాడు ముసలి డోలు విద్వాంసుణ్ణి ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన తల వంచుకుని విని, "చెవులు మందగించాయి నాయనా, ఏమీ తెలియడం లేదు" అన్నాడు. ఇంటి దగ్గర దింపుతామని జీపులో ఎక్కించుకుపోయారు.

సరే, మన గొడవ మరిచిపో. రికార్డు అట్ట మీద నీ పేరు కూడా వెయ్యమని నువ్వంటే, "కర్రకీ తోలుకీ పేరెందుకురా" అన్నాను. తప్పు నాదే. శనివారం పొద్దున డోలు తీసుకుని వచ్చెయ్. కొత్త రికార్డు చేద్దాం. కెప్టెన్‌గారికీ నీ వాయిద్యం దగ్గరుండి వినాలని ఉందట.

నీ రాక కోసం చూస్తూ,
దురోజాయె

తా.క. పైదంతా కెప్టెన్ ఎదురుగా కూర్చుని రాయించాడు. నా వెంట పంపిన జవాను బయట సిగరెట్ కాల్చుకుంటుంటే, పోస్టాఫీసు బల్ల మీద ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. రావద్దు. జీపెక్కించిన ఆ ముసలాయన ఇవాళ్టికీ ఇల్లు చేరలేదు. మీ ఊరు షకి నుంచి దేశం సరిహద్దు ఎంతో దూరం లేదు, ఫదేకేనీ పిల్లల్నీ తీసుకుని ఇది అందిన రోజే దాటెయ్. నీ డోలు పలికిన "దొంగ కడుపు నిండింది, ఊరికి కాపలా పెట్టండి" అన్న మాట నాదే. వాయించనని నువ్వు మొండికేస్తే బతిమాలింది నేనే. కెప్టెన్ రెండోసారి అడిగినప్పుడు మాత్రం అది నీ మాటేనని చెప్పి, నీ పేరూ ఊరూ ఇచ్చాను. అప్పటికి నా మీద ఎవరూ చెయ్యి కూడా ఎత్తలేదు, తమ్ముడూ.