ఆయన చూపించిన చోటు

ఆదివారం, మధ్యాహ్నం

పూజ్యురాలైన అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ అంతా క్షేమమని మొదలుపెట్టడం అలవాటైపోయి, ఆ మాట రాయందే కలం కదలనంటోంది. క్షేమం లేదక్కా. ఎముకల్లో పుట్టిన జబ్బు నీ మరిదిని లోపల్నుంచి తొలిచేస్తోంది. మొన్న దగ్గితేనే ఒక పక్కటెముక విరిగింది. ఇక చేసేదేమీ లేదు, ఇంట్లోనే ఉంచుకోమని డాక్టరు చెప్పేశారు.

గుండె ఆగితే చేతులు ముడుచుకుని కూర్చోకు, ఛాతీ నొక్కడం నేర్చుకో అని పోయిన ఉత్తరంలో కోప్పడ్డావు. ఇన్నేళ్లు నర్సుగా చేసినదానివి, నీ మాట కాదంటానా? ఆయన్నే నేర్పమన్నాను. కాలేజీలో అస్థిపంజరం పక్కన నిలబడి జీవితమంతా పాఠం చెప్పిన మనిషి కదా. చొక్కా విప్పించుకుని, బోర్డుతో పనిలేదు, బొమ్మ ఒంటి మీదే కనిపిస్తోందని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నా వేలు పట్టుకుని ఒక్కో పక్కటెముకా తాకించారు. మొత్తం పన్నెండు జతలట. అన్నీ వెనక వెన్నెముక దగ్గరే బయల్దేరతాయట. పై ఏడు జతలూ ముందుకొచ్చి, మెత్తటి మృదులాస్థితో నేరుగా రొమ్ము ఎముకను పట్టుకుంటాయి. తర్వాతి మూడు అంతదూరం రాలేక పైవాటిని ఆనుకుంటాయి. చివరి రెండు జతలూ ముందువైపు దేన్నీ అంటుకోవు. అచ్చం మీ తమ్ముడే, ఇంట్లోనే ఉంటాడు గానీ ఎవరినీ పట్టించుకోడు అన్నారు. అప్పుడు మాత్రం నవ్వేశాను. దానికే ఎంత సంబరపడ్డారో!

రొమ్ము ఎముక చూడ్డానికి ఒకటే గానీ మూడు భాగాలట. మెడ కింద వెడల్పాటి పిడి, మధ్యలో పొడుగు బద్ద, అడుగున చిన్న మొన.

ఎక్కడ నొక్కాలని అడిగాను. రొమ్ము ఎముక మీదున్న నా వేలిని పక్కకి తీశారు. తర్వాత నా అరచేతిని ఎడమవైపు పక్కటెముకల మీద పెట్టి, ఇక్కడే, మెల్లగా, అన్నారు. గట్టిగా నొక్కద్దా అంటే అక్కర్లేదట, చెయ్యి ఆనించి ఉంచితే చాలట. రోజూ పొద్దున్నే సాధన చేయిస్తున్నారు. బాగా వచ్చిందని మెచ్చుకున్నారు కూడా. నీ మాట నిలబెట్టాను, ఇక తిట్టకు.

బావగారికి నమస్కారాలు చెప్పు. నీ మోకాళ్లు జాగ్రత్త.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. చోటు తప్పని జవాబు రాయకు అక్కా. నొక్కాల్సింది నడుమ, రొమ్ము ఎముక మీదని నాకు తెలుసు. పెళ్లైన కొత్తలో ఆయన మర్నాటి పాఠం నా ముందే అప్పజెప్పుకునేవారు, పన్నెండు జతలూ నాకు అప్పుడే కంఠతా వచ్చాయి. ఆ సంగతి ఆయన మర్చిపోయారు. ఇప్పుడా ఎముక నొక్కితే నుగ్గవుతుంది, అయినా మనిషి దక్కడు. విరగ్గొట్టానన్న బాధ గానీ, ఏమీ చెయ్యలేదన్న బాధ గానీ నాకు మిగలకూడదని, జీవితంలో మొదటిసారి పాఠం తప్పు చెప్పారు. నాకు తెలుసని ఆయనతో అనలేదు. ఆ ఘడియ వచ్చినప్పుడు ఆయన చూపించిన చోటే చెయ్యి పెడతాను.