మోకాలూ, ఓలి మూటా

చిరంజీవి కన్లయాకు, అమ్మ ఆశీస్సులు. నీ చెల్లెలి పెళ్లి ఘనంగా జరిగింది. మన తెల్ల అల్లుడు డెరెక్ డబ్బంతా వానాకాలంలో నా మోకాలి ఆపరేషనుకే అయిపోయింది కదా. పెళ్లికొడుకు ఇచ్చే ఓలి సొమ్ము పళ్లెం బోసిగా కనిపిస్తే ఊళ్లో నవ్విపోతారని, నేను వడ్లమ్మిన డబ్బూ నీ గొలుసూ చాటుగా అందులో కలిపేశాను. అందరూ చూస్తుండగా అంతా మూటగట్టి భుజానికెత్తుకుని, మన థాయి ఆనవాయితీ ప్రకారం మోయలేనంత బరువున్నట్టు తూలుతూ నడిచాను.

పక్కింటి తొంగ్‌బై ఊరుకుంటుందా? "పడతావే, మొన్నేగా మోకాలు కోశారు" అంది.

"అల్లుడు బాగుచేయించిన మోకాలే, ఇంకో మూటైనా మోస్తుంది" అన్నాను.

నీ గొలుసు తిరిగి పెట్టెలో పెట్టేశాను, కోప్పడకు. హోటలువాళ్లు జీతమిచ్చారా? ఫుకెట్ ఎండురొయ్యలు పంపు, అల్లుడికిష్టం. బుద్ధభగవానుడు నిన్ను చల్లగా చూడాలి. నాకిక అక్కర్లేదని చేతికర్ర తొంగ్‌బైకి ఇచ్చేశాను.