నా చేతికి అందేలా గేర్ రాడ్

1984 నవంబర్, శుక్రవారం రాత్రి

వదిలేసి వెళ్ళిపోతానన్నందుకు నిన్న మా ఆయన ట్రక్కు గేర్ రాడ్‌ని విరిచి, ఆ ముక్కతోనే నా కుడి భుజం మీద కొట్టాడు. "ఇప్పుడు డ్రైవ్ చెయ్, చూస్తా" అన్నాడు.

ఈరోజు ఆయన ఆఫీస్‌కి వెళ్ళగానే కొత్తది చేశాను. చెయ్యి చాచలేను కాబట్టి ఇనుప కడ్డీని కాల్చి, సీటు దగ్గరికి వచ్చేలా వంచాను. పక్కింటి మార్తా దాన్ని విరిగిన మొదలుకి వెల్డింగ్ చేసింది.

ఇంజన్ స్టార్ట్ చేసేసరికి ఆయన ఆఫీస్ నుంచి వచ్చి ఎదురుగా నిలబడి, బానెట్‌ని పిడికిళ్ళతో బాదాడు. "తప్పుకో" అన్నాను, పెళ్ళయ్యాక మొదటిసారి ఏకవచనంలో. కదల్లేదు. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలాను. బంపర్ మోకాళ్ళకి తగలగానే పక్కకి పడిపోయాడు.

బాతెల్ ఊరు దాటాక ఈ మోటెల్ గదిలో గడియ వేసుకుని రాస్తున్నాను. ఆయన పక్కకి పడకపోయి ఉంటే బ్రేక్ వేసేదాన్నని గట్టిగా చెప్పలేను.